గోదావరి ఒడ్డున ఈత రాని పిల్లలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దల మాట. రోళ్ల సంగతి ఎలా ఉన్నా, ఆ రోజులలో రాజమహేంద్రవరంలో మనుషుల ఓర్పు మాత్రం తప్పక పగులుతుంది. రాయలసీమ ఎండ ఒక రకం, మన డెల్టా ఎండ మరొక రకం. ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు. చెమట ఆరనిదే ఒంటి వేడి దిగదు. ఉక్కపోత అని మనం విసుక్కునేది ఈ స్థితినే.

గత వేసవిలో ఒక తల్లి తన ఇద్దరు బిడ్డలను మా వైద్యశాలకు తీసుకొని వచ్చింది. పిల్లలకు ఒళ్లంతా చెమటకాయలు. గంధం, వట్టివేరు, పథ్యం అన్నీ చెప్పి, "పిల్లలను రోజూ రెండు పూటలా చల్లని నీళ్లలో కాసేపు ఆడనివ్వమ్మా" అన్నాను. ఆమె వెంటనే, "ఎక్కడ ఆడనివ్వమంటారండీ? మా వాటాలో కుళాయి పొద్దున ఒక గంట వస్తుంది. గోదాట్లోకి పంపమంటారా?" అని అడిగింది. సమాధానం చెప్పలేకపోయాను. మూడు కిలోమీటర్లకు చేరువైన వెడల్పుతో నది పారే ఊరిలో, ఒక తల్లి తన పిల్లలను నిర్భయంగా నీటిలోకి దింపే చోటు నాకు వెంటనే స్ఫురించలేదు. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం.

శాస్త్రం ఏమంటున్నది?

గ్రీష్మంలో సూర్యుడు జీవుల బలాన్ని హరిస్తాడని, శరీరంలో స్నిగ్ధత తగ్గి వాతం సంచయమవుతుందని ఆయుర్వేదం చెబుతున్నది. అందుచేత ఉప్పు, పులుపు, కారం తగ్గించి, వ్యాయామం తగ్గించి, మధురమూ లఘువూ ద్రవమూ అయిన ఆహారం తీసుకొమ్మన్నది. వాగ్భటుడు అష్టాంగహృదయంలోని ఋతుచర్యాధ్యాయంలో, చల్లని నీటితో ఒడలు తడుపుకొని, చక్కెర కలిపిన పేలపిండి తినమని సూచించాడు. నీటి ధారలు చిమ్మే ఇండ్లలో విశ్రమించమని కూడా చెప్పాడు. అంటే వేసవిలో నీటితో చెలిమి విలాసం కాదు, ఋతుచర్యలో భాగమే.

అయితే అదే వాగ్భటుడు దినచర్య చెప్పేచోట, చేతులతో ఈదుతూ నదిని దాటవద్దని హెచ్చరించాడు. స్నానాన్ని అంతగా మెచ్చుకొన్న ఆచార్యుడు నది విషయంలో ఇంత జాగ్రత్త పలకడం గమనింపదగినది. నీరు వేరు, ప్రవాహం వేరు. నీరు ఔషధం వంటిది. ప్రవాహం మాత్ర తెలియని ఔషధం వంటిది. ఈ తేడాను మన పూర్వులు ఎరిగి ఉన్నారు. మనమే మరచిపోయినాము.

మా ఊరి రేవు

నా చిన్ననాడు మా ఊరు కాలువ గట్టున ఉండేది. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం వద్ద మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట వలన పుట్టిన కాలువలలో అది ఒకటి. కాలువకు మూడు రేవులు. ఎగువన మంచినీళ్ల రేవు, దానికి దిగువన స్నానాల రేవు, ఇంకా దిగువన పశువుల రేవు. స్నానాల రేవులో తెల్లవారక మునుపు ఆడవారు, తెల్లవారిన తరువాత మగవారు. ఇది ఎవరూ కాగితం మీద వ్రాసిన నియమం కాదు. అయినా ఎవరూ తప్పేవారు కారు.

ఆ రేవులోనే మా తాతగారు నాకు ఈత నేర్పారు. రెండు ఎండు ఆనపకాయ బుర్రలు త్రాటితో నడుముకు కట్టి, గడ్డం క్రింద తన అరచేయి ఆనించి నీటిలో పడుకోబెట్టేవారు. కొన్నాళ్లకు ఒక బుర్ర విప్పారు. మరి కొన్నాళ్లకు రెండవదీ విప్పారు. అరచేయి ఏనాడు తీసివేశారో నాకు తెలియనే లేదు. మా ఈడు మగపిల్లలందరూ ఆనపకాయ బుర్రతోనో అరటి బోదెతోనో నేర్చుకొన్నవారే.

మా చెల్లెలికి మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆడపిల్లకు ఈతెందుకన్నారు. దానికి పధ్నాలుగో ఏట ఒక ఉదయం బిందె ముంచబోయి పాచిపట్టిన మెట్టు మీద జారి కాలువలో పడింది. నేను ఆ సమయంలో ఇంట్లో పుస్తకం ముందు కూర్చొని ఉన్నాను. ఈత వచ్చిన నేను ఇంట్లో ఉన్నాను, ఈత రానిది నీటిలో ఉన్నది. రేవులో బట్టలు ఉతుకుతున్న ఒకావిడ తడి చీరను తాడులాగా విసిరి లాగింది గనుక మా చెల్లెలు దక్కింది. నాటి నుండి నేటి వరకు అది ఏ రేవులోనూ రెండవ మెట్టు దిగలేదు. పుష్కరాలలో సైతం మొదటి మెట్టు మీదనే కూర్చొని చెంబుతో నెత్తిన నీళ్లు పోసుకొన్నది.

ఇప్పుడు ఏమి మారింది?

నాటి రేవులు నేడు చాలా ఊళ్లలో లేవు. ఇంటింటికి కుళాయి వచ్చిన తరువాత మెట్లు కూలినా పట్టించుకొనేవారు లేరు. అనేక చోట్ల ఊరి మురుగు కాలువలోనే కలుస్తున్నది. అదిగాక వేసవిలో, సరిగ్గా పిల్లలకు సెలవులు ఉన్నపుడే, మరమ్మతుల నిమిత్తం కాలువలు కట్టివేస్తారు. మిగిలేది అక్కడక్కడ మడుగు కట్టిన నీరు. కాలువలు కట్టక మునుపు నింపి పెట్టుకొనే మంచినీటి చెరువులలో పిల్లలను దింపడం ఎంతమాత్రం తగదు. అవి ఊరంతా త్రాగే నీళ్లు.

అందుచేత పిల్లలు నదికి పోతారు. వేసవిలో గోదావరి పాయలు పైకి ప్రశాంతంగా, మోకాటి లోతు నీటితో, తెల్లని ఇసుక తిన్నెలతో పిలుస్తున్నట్లే ఉంటాయి. కాని ఇసుక తవ్విన చోట గుంతలు ఉంటాయి. మోకాటి లోతు నుండి ఒక్క అడుగులో నిలువు లోతు వస్తుంది. కాలి క్రింద ఇసుక జారిపోతుంది. ఎదుటివాడు మునుగుతూ ఉంటే చేయి అందించబోయిన వాడు కూడా అందులోకే జారుతాడు.

2025 ఫిబ్రవరిలో మహాశివరాత్రి నాడు తాళ్లపూడి మండలం తాడిపూడి వద్ద పుణ్యస్నానానికి దిగిన అయిదుగురు యువకులు గోదావరిలో మునిగి మరణించారు. అదే సంవత్సరం మే 26న ముమ్మిడివరం సమీపాన కమినిలంక వద్ద గౌతమీ పాయలో ఎనిమిది మంది యువకులు ప్రాణాలు కోల్పోయారు. మూడు నెలల వ్యవధిలో, ఒకే నదిలో, పదముగ్గురు. వార్త చదివి "అయ్యో" అని పత్రిక మడిచివేస్తున్నాము. మరునాడు మన పిల్లవాడు తువ్వాలు భుజాన వేసుకొని బయలుదేరితే "జాగ్రత్త నాయనా" అంటున్నాము. ఈత రానివానికి ఆ ఒక్క మాట ఏపాటి రక్ష?

కుటుంబంతో ఎక్కడికి పోవచ్చు?

రాజమహేంద్రవరంలో పుష్కర ఘాట్, కోటిలింగాల ఘాట్, ఆవలి ఒడ్డున కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉన్నాయి. దిగువన ధవళేశ్వరం బ్యారేజి నీటిని నిలిపి ఉంచుతుంది గనుక వేసవిలో సైతం ఈ ఘాట్ల వద్ద నీరు ఉంటుంది. లోతు కూడా ఉంటుంది. ఇవి మునిగి లేవడానికి తగినవే గాని ఈతకు తగినవి కావు. పిల్లలను మెట్ల మీదనే కూర్చోబెట్టి, పెద్దవారు వారికన్న ఒక మెట్టు దిగువన, నది వైపు నిలబడాలి. ఈ ఒక్క నియమం పాటించినా ఎంతో మేలు.

సముద్రతీరం కోరేవారికి పశ్చిమాన పేరుపాలెం, కోనసీమలో అంతర్వేది, ఓడలరేవు, తూర్పున కాకినాడ ఉన్నాయి. అలలు పాదాలను తడిపే చోట కూర్చొని ఆనందించడం వేరు, నడుము లోతుకు పోవడం వేరు. సముద్రంలో కొన్నిచోట్ల అల వెనుకకు మరలేటపుడు బలమైన ప్రవాహం మనిషిని లోనికి లాగుతుంది. అందులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీది అలసిపోతారు. అట్టివేళ తీరానికి సమాంతరంగా ప్రక్కకు ఈది, లాగుడు తగ్గిన తరువాత ఒడ్డుకు రావాలి. దిగే ముందు అక్కడి మత్స్యకారులను అడగడం అన్నిటికన్న ఉత్తమం. వారు వద్దన్న చోట దిగరాదు.

మారేడుమిల్లి వైపు జలతరంగిణి, అమృతధార జలపాతాలు కలవు. చెట్ల నీడ, కొండగాలి శరీరానికి హితమే. అయితే జలపాతం క్రింది బండలు నునుపుగా ఉంటాయి. తల మీద నేరుగా ధార పడనీయరాదు. పై కొండలలో వాన కురిస్తే ఇక్కడ మబ్బు లేకుండానే నీరు పెరగవచ్చు.

ఇక పట్టణాలలో రుసుము తీసుకొని నడిపే ఈత కొలనులు. వీటిలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. మా మనవరాలిని ఒకసారి అటువంటి కొలనుకు తీసుకొని వెళ్లాను. ఘాటైన క్లోరిన్ వాసన కొడితే "మందు బాగా కలిపారు, పరిశుభ్రంగా ఉన్నట్లున్నది" అనుకొన్నాను. మరునాటికి పిల్ల కళ్లు జేగురు రంగుకు తిరిగాయి. తరువాత తెలుసుకొన్నదేమనగా, ఆ ఘాటు శుభ్రతకు గుర్తు కాదు. చెమట, మూత్రం వంటి మాలిన్యాలతో క్లోరిన్ కలిసినపుడు పుట్టే పదార్థాల వాసన అది. సరిగా చూసుకొనే కొలనులో వాసన స్వల్పంగానే ఉంటుంది. గృహిణులు సైతం చేయగల పరీక్షలు మూడు. గట్టున నిలబడి చూస్తే కొలను అడుగు, నీరు బయటకు పోయే జాలీతో సహా, స్పష్టంగా కనిపించాలి. దిగేముందు అందరిచేత స్నానం చేయించాలి. ఈత వచ్చిన కాపలా మనిషి తన చరవాణి వైపు కాక నీటి వైపు చూస్తూ ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా ఇచ్చిన రుసుము పోయిందనుకొని తిరిగి రావడం మంచిది.

దిగే ముందు, వచ్చిన తరువాత

మండుటెండలో నడిచివచ్చి, చెమటతో వెంటనే చల్లని నీటిలో దూకరాదు. ఎండచేత, శ్రమచేత తపించినవారు ఉన్నట్లుండి చన్నీటిని సేవించడాన్ని చరకుడు చర్మవ్యాధుల కారణాలలో చేర్చాడు. నేటి వైద్యులు కూడా హఠాత్తుగా చల్లని నీరు తగిలితే ఊపిరి, గుండె లయ చెదరవచ్చునని చెబుతున్నారు. నీడలో కాసేపు కూర్చొని, చెమట ఆరిన పిదప, పాదాలు, చేతులు, ముఖం తడుపుకొని దిగాలి. భోజనమైన వెంటనే స్నానం కూడదు. అతిసారం, పీనసం, అజీర్ణం, చెవి, కంటి రోగాలు ఉన్నవారికి స్నానం నిషిద్ధమని శాస్త్రం. అతిసారం ఉన్న బిడ్డను కొలనులో దింపకపోవడం తక్కిన బిడ్డలకు కూడా రక్ష. మద్యం సేవించినవారు నీటి దాపులకే పోరాదు.

మడుగు కట్టిన వెచ్చని నీటిలో మునకలు, దూకుడు వద్దు. అటువంటి నీటిలో ఉండే ఒక సూక్ష్మజీవి ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణాంతకమైన జ్వరం కలిగించగలదు. ఇది అరుదైనదే; కాని కేరళలో 2024, 2025 సంవత్సరాలలో ఇట్టి కేసులు అనేకం బయటపడ్డాయి. ఇంట్లో జలనేతి అభ్యసించేవారు కూడా కాచి చల్లార్చిన నీటినే వాడాలని ఈ సందర్భంగా నా మనవి.

నీటి నుండి వచ్చిన తరువాత తల ప్రక్కకు వంచి చెవిలోని నీరు జారనిచ్చి, మెత్తని బట్టతో పైపైన తుడవాలి. పుల్లలు పెట్టరాదు. చెవిపోటు, చీము ఉన్నపుడు ఇంట్లోని వేడి నూనె పోయడం మనవారికి అలవాటు. కర్ణభేరికి రంధ్రం ఉన్నదీ లేనిదీ తెలియకుండా నూనె పోయడం ప్రమాదం. వైద్యునికి చూపించిన తరువాతనే ఏదైనా. తల తుడుచుకొన్నాక పిల్లలకు ఐసు నీళ్లకు బదులు కొంచెం ఉప్పు, నిమ్మరసం కలిపిన పలుచని మజ్జిగ, వట్టివేరు వేసిన కుండ నీళ్లు, నానిన సబ్జా గింజల పానీయం, దొరికిన రోజులలో తాటిముంజలు ఇవ్వండి.

ఇక్కడ గృహవైద్యం లేదు

ఇన్నేండ్లు చిట్కాలు చెప్పిన నేనే ఈ మాట చెప్పవలసి ఉన్నది. మునిగినవారికి చిట్కా లేదు. తలక్రిందులుగా వేలాడదీయడం, గిరగిర త్రిప్పడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం అన్నీ విలువైన క్షణాలను హరించే పనులే. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి ఆడకుంటే తల కొద్దిగా వెనుకకు వంచి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి శ్వాస ఇవ్వాలి. ఆపైన రొమ్ము మధ్య ఎముక మీద బలంగా, వేగంగా 30 నొక్కులు, 2 శ్వాసల చొప్పున, 108 వాహనం వచ్చేవరకు ఆపకుండా చేయాలి. పిల్లవాడు తేరుకొన్నా ఆసుపత్రికి తప్పక తీసుకొని వెళ్లాలి.

ఇతరులను రక్షించడానికి ఈత బాగా రానివారు దిగరాదు. చీర, తాడు, వెదురు గడ, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసరాలి. మా చెల్లెలిని కాపాడిన ఆవిడ నీటిలోకి దూకలేదని గుర్తుంచుకోండి.

నా అభిప్రాయం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. మన డెల్టా వంటిదే అయిన బంగ్లాదేశ్‌లో ఈ బెడదకు ఒక మార్గం కనుగొన్నారు. పాలరాతి కొలనులు కట్టలేదు. ఊరి చెరువులోనే వెదురుతో దడి కట్టి, అడుగున వెదురు వేదిక అమర్చి, అందులో పిల్లలకు ఈత నేర్పారు. 25 మీటర్లు ఈదగలగడం, 30 సెకండ్లు నీటి మీద తేలగలగడం, ఇదే వారు పెట్టుకొన్న పరీక్ష. పతకాలు వారి లక్ష్యం కాదు, ప్రాణాలు దక్కడమే లక్ష్యం.

వెదురుకు మనకు కొదువా? చెరువులకు కొదువా? ప్రతి మండలంలో ఒక శుభ్రమైన చెరువును ఎంచి, దడి కట్టి, ఈత వచ్చిన యువకులకు, యువతులకు శిక్షణ ఇచ్చి, సెలవులలో నెల రోజులు పిల్లలకు నేర్పించడం మన పంచాయతీలకు, పాఠశాలలకు తలకు మించిన పని కాదు. పట్టణాలలో నిస్సారమైన వినోదాలకు పెట్టే ధనంలో కొంత భాగంతో, నడుము లోతుకు మించని కుటుంబ స్నానవాటికలు కట్టవచ్చు. అందులో రోజూ కొన్ని గంటలు స్త్రీలకు, ఆడపిల్లలకు మాత్రమే కేటాయించాలి. మా ఊరి రేవులో ఏ కాగితమూ లేకుండా సాగిన ఏర్పాటు ఇప్పుడు ఎందుకు సాగదు?

2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. 2015 పుష్కరాల తొలిరోజున రాజమహేంద్రవరంలో తొక్కిసలాట జరిగి 27 మంది మరణించారు. ఘాట్లకు రంగులు వేయడంతో ఏర్పాట్లు ముగిశాయనుకోరాదు. నీటి అడుగున ఎన్ని మెట్లు ఉన్నాయో తెలిపే పలక, పట్టుకోవడానికి గొలుసు, విసరడానికి తాడు కట్టిన గాలి చక్రం ప్రతి ఘాట్‌లో శాశ్వతంగా ఉండాలి. పన్నెండేళ్లకొకమారు వచ్చే పన్నెండు రోజుల కొరకు కాక, ప్రతి వేసవి కొరకు ఉండాలి.

"ఈత నేర్పితే ధైర్యం పెరిగి లోతుకు పోతారు గదా" అని కొందరు పెద్దలు నాతో వాదించారు. ఆ భయం కొట్టివేయదగినది కాదు. అందుకే ఈతతో పాటు నీటి భయం కూడా నేర్పాలంటాను. మా తాతగారు నాకు ఈత కన్న ముందు సుడి ఎక్కడ తిరుగుతుందో, ఏ రోజున కాలువలో దిగరాదో నేర్పారు. చెప్పకుండా వదలివేసిన పిల్లవాడు స్నేహితుల వెంట దొంగచాటుగా పోతాడు. వానికి ఈతా రాదు, భయమూ తెలియదు. అంతకన్న ప్రమాదం మరొకటి లేదు.

గత వేసవి చివర మరొక కొలను వెదకి, మూడు పరీక్షలూ చేసి, మా మనవరాలిని అందులో చేర్పించాను. ఆరవ రోజున పిల్ల ఈ గట్టు నుండి ఆ గట్టుకు ఈదింది. చూడడానికి మా చెల్లెలు కూడా వచ్చింది. గట్టున కూర్చొని ఉన్నంతసేపు నా చేయి గట్టిగా పట్టుకొన్నది. పిల్ల ఒడ్డుకు చేరి, "మామ్మా, చూశావా?" అని కేక వేస్తే అది మాట్లాడలేదు. కాసేపటికి, "అన్నయ్యా, నాకూ అప్పుడు ఎవరైనా బుర్ర కట్టి ఉంటే బాగుండేది" అన్నది.

పాఠకులారా, వచ్చే వేసవికి మీ ఇంట్లో ఈత రాని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎందరున్నారో లెక్కించుకోండి. ఊరిలో చోటు లేకుంటే పదిమంది తల్లిదండ్రులు కలిసి అధికారులను అడగండి. చల్లదనానికై పిల్లలను నీటి దగ్గరకు పంపే ముందు, ఆ నీటిలో బ్రతికి బయటపడే విద్య వారికి ఇచ్చి పంపండి.